తల్లీకొడుకుల యుద్ధంలోంచి వచ్చిన దేశం

(తెర మీద: పాత రాతి బురుజు, దాని మీద పెద్ద పెద్ద తెల్ల అక్షరాలు)

పోర్చుగల్ ఉత్తరాన గిమరాయిష్ అనే చిన్న ఊరు ఉంది. అక్కడి బురుజు మీద ఉన్న మాట ఇది: "పోర్చుగల్ ఇక్కడే పుట్టింది." మన పెద్దవాళ్లు బుడతకీచులు అని పిలిచిన పోర్చుగీసువాళ్ల కథ ఈ ఊరి దగ్గరే మలుపు తిరిగింది. అదీ ఒక తల్లీకొడుకుల గొడవతో.

అప్పటికి పోర్చుగల్ దేశం కాదు. ఇప్పటి స్పెయిన్‌లో ఉన్న లియోన్ రాజ్యంలో ఒక జాగీరు. రాజు ఆరో అల్ఫోన్సో దాన్ని తన కూతురు తెరేసాకీ, ఫ్రాన్స్‌లోని బుర్గుండీ నుంచి వచ్చిన అల్లుడు హెన్రీకీ ఇచ్చాడు. 1112లో హెన్రీ పోయాడు. కొడుకు అఫోన్సో ఎన్రికెస్ ఇంకా పసివాడు. పెత్తనం తెరేసా చేతికి వచ్చింది.

ఇక్కడ కాసేపు ఆగుదాం. ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది తెరేసాను విలన్‌ని చేసి ముందుకెళ్లిపోతారు. నాకది అన్యాయం అనిపిస్తుంది. లియోన్ రాణి ఉర్రాకా ఆమెకు సవతి అక్క. ఆ అక్కతో తెరేసా ఏళ్ల తరబడి పోరాడింది. 1117 నుంచి పత్రాల్లో తనను తాను "రాణి" అని రాయించుకుంది. జాగీరుదారు భార్య రాయించుకునే మాటా అది? "మేము ఎవరి కిందా లేం" అనే పట్టుదల కొడుకు కంటే ముందు తల్లిదే.

మరి చెడింది ఎక్కడ? పోర్చుగల్‌కి ఉత్తరాన ఉన్న గలీసియా ప్రాంతానికి చెందిన ఫెర్నావో పెరెస్ అనే ప్రభువు తెరేసాకు దగ్గరయ్యాడు. కొలువులో అతని మాటే చెల్లుబాటు కావడంతో స్థానిక ప్రభువులు ఒక్కొక్కరే ఆమెకు దూరమయ్యారు. గిమరాయిష్‌కి దగ్గర్లోని బ్రాగా నగరపు పెద్ద మతగురువు, అంటే ఆర్చిబిషప్పుదీ అదే బాధ. గలీసియాలోని కాంపోస్తెలా చర్చికీ బ్రాగాకూ ఎప్పటినుంచో పోటీ. 1102లో కాంపోస్తెలా బిషప్పు స్వయంగా వచ్చి బ్రాగాలోని సాధువుల అస్థికలు ఎత్తుకుపోయాడు! ఆ మంట వాళ్లకు ఎలా చల్లారుతుంది? వీళ్లందరూ కుర్రవాడైన అఫోన్సో వెనక చేరారు.

(తెర మీద: నీలం, తెలుపు పలకల గోడ)

పోర్టో నగరంలో సావో బెంతో రైల్వే స్టేషన్‌కి వెళితే ఈ గోడ కనిపిస్తుంది. పలకల మీద గీసిన బొమ్మలో ఒక మనిషి భార్యాపిల్లలతో రాజు ముందు నిలబడ్డాడు. అతను అఫోన్సోని పెంచిన ఎగస్ మోనిస్. 1127లో ఉర్రాకా కొడుకు, అప్పటికి లియోన్ రాజైన ఏడో అల్ఫోన్సో, గిమరాయిష్‌ని ముట్టడించాడు. "మా అబ్బాయి మీకు లొంగి ఉంటాడు, పూచీ నాది" అని ఎగస్ మాటిచ్చి ముట్టడి ఎత్తివేయించాడట. అఫోన్సో ఆ మాట నిలబెట్టలేదు. దాంతో ఎగస్ మెడకు ఉరితాడు వేసుకుని, కుటుంబంతో సహా రాజు దగ్గరికి వెళ్లాడని జనం చెప్పుకునే కథ. నిజం ఎంతైనా, ఆ తాడు బొమ్మ చూస్తే మనసు కలుక్కుమంటుంది.

1128 జూన్ 24. గిమరాయిష్ దగ్గర సావో మమేదే. ఒక పక్క తల్లి సైన్యం, ఇంకో పక్క కొడుకు సైన్యం. కొడుకు గెలిచాడు. తెరేసా, ఫెర్నావో గలీసియా వెళ్లిపోయారు. 1130లో ఆమె అక్కడే కన్నుమూసింది.

అయితే ఆ ఒక్క రోజుతోనే స్వాతంత్ర్యం వచ్చేయలేదు. 1139లో ఓరీక్ దగ్గర ముస్లిం సైన్యం మీద గెలిచాక అఫోన్సో రాజు అనిపించుకున్నాడు. 1143లో జమోరాలో ఏడో అల్ఫోన్సో, అంటే పెద్దమ్మ కొడుకే, ఆ బిరుదును ఒప్పుకున్నాడు. పోప్ మాత్రం తొందరపడలేదు. అఫోన్సో ఏటా బంగారం కడతానన్నా, రోమ్ ఉత్తరాల్లో చాలాకాలం "డ్యూక్" అనే రాశారు. చివరికి 1179లో పోప్ మూడో అలెగ్జాండర్ రాజుగా గుర్తించాడు. సావో మమేదే జరిగి అప్పటికి 51 ఏళ్లు!

(తెర మీద: బ్రాగా చర్చి లోపల రెండు సమాధులు)

ఇప్పటికీ జూన్ 24 గిమరాయిష్‌లో సెలవు రోజు. అక్కడి నుంచి 20 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో బ్రాగా. అక్కడి పెద్ద చర్చిలో హెన్రీ సమాధి, దాని పక్కనే తెరేసాది.