దెబ్బ తిన్నవాళ్ళ పేర్లు

(తిరుపతిలో శని, ఆదివారాలు జరిగిన సినిమా ప్రదర్శనల ముగింపు సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, నిన్నటి నుంచి ఓపిగ్గా కూర్చున్న మీ అందరికీ నమస్కారం. ఒక్కొక్కరి పేరూ చెప్పి నాలుగు మంచి మాటలు అనడం ఆనవాయితీ. ఆ టైము ఈరోజు వేరే పేర్లకు కావాలి, మన్నించండి.

హారర్ సినిమాలు, ఫైట్ సినిమాలు ఎలా ఉన్నాయో చెప్పమన్నారు. చెప్తాను. నిన్న చూసినవాటిలో నాకు అన్నిటికంటే నచ్చింది 1978 నాటి 'థర్టీసిక్స్త్ ఛాంబర్ ఆఫ్ షావోలిన్'. తీసిన లావ్ కర్-లియుంగ్ కుంగ్‌ఫూ గురువుల ఇంట్లో పుట్టినవాడు. అందుకే సినిమాలో పెద్ద భాగం శిక్షణే. హీరో చేతులకు లోపలివైపు కత్తులు కట్టి నీళ్ళు మోయిస్తారు. చెయ్యి కాస్త వాలిందా, కత్తి పక్కటెముకల్లో దిగుతుంది. విద్య అంటే ఎంత నొప్పో అంత ఓపిగ్గా చూపించిన సినిమా ఇంకోటి నేను చూడలేదు.

తర్వాత 1985 నాటి 'పోలీస్ స్టోరీ'. క్లైమాక్స్‌లో జాకీ చాన్ మాల్ పై అంతస్తు నుంచి లైట్లు చుట్టిన స్తంభం పట్టుకుని జారతాడు. బల్బులు పగులుతుంటాయి. నిజంగానే ఆయన అరచేతులు కాలాయి, వెన్నుపూసకు దెబ్బ తగిలింది. హాల్లో ఈలలు పడ్డాయి. పడాల్సిందే. మన ఇప్పటి సినిమాల్లో చెయ్యి లేవగానే కట్, తగలకముందే ఇంకో కట్, మధ్యలో చెవులు పగిలే సౌండ్. ఎవరు ఎవర్ని కొట్టారో తెలియదు. హారర్ కూడా అట్లే తయారైంది. ఢామ్మని తలుపు వేస్తే ఎవరైనా ఉలిక్కిపడతారు, దాన్ని భయం అనకండి. 1992 నాటి 'రాత్రి'లో రేవతిని చూశారు కదా? ఆ కళ్ళతో, ఆ ఒంటి వంపుతో భయపెట్టింది.

ఇక్కడే నేను చెప్పదలచుకున్నది మొదలవుతుంది. ఈ రెండు రకాల సినిమాలూ ఒంటితో చేసే పని. ఆ ఒళ్ళు ఎవరిదో చాలాసార్లు మనకు తెలియదు.

'సైకో'లో స్నానాలగది సీను అందరికీ గుర్తుంటుంది. తీసిన హిచ్‌కాక్ పేరు, హీరోయిన్ జానెట్ లీ పేరు, వయొలిన్లతో వణికించిన బెర్నార్డ్ హెర్మన్ పేరు చెప్తాం. ఆ సీన్‌లో జానెట్ లీకి డూప్‌గా చేసిన అమ్మాయి మార్లీ రెన్‌ఫ్రో. టైటిల్స్‌లో ఆమె పేరు లేదు. 1973లో వచ్చిన 'ది ఎక్సార్సిస్ట్'లో దెయ్యం గొంతు మెర్సిడెస్ మెకేంబ్రిడ్జ్‌ది. సినిమా విడుదలైనప్పుడు ఆవిడ పేరూ లేదు. ఆవిడ ఊరుకోలేదు, పోట్లాడి వేయించుకుంది.

ఈ మధ్యాహ్నం 'మిస్టర్ వాంపైర్' చూశారు. చేతులు చాచి, రెండు కాళ్ళూ కలిపి గెంతే చైనా దెయ్యం. ఊపిరి బిగబడితే మనల్ని కనుక్కోలేదు. హాల్లో పిల్లలు నిజంగానే ఊపిరి బిగబట్టారు, నేను చూశాను! ఆ వేషం వేసిన మనిషి యువెన్ వా. చిన్నప్పుడు జాకీ చాన్‌తో పాటు ఒకే గురువు దగ్గర పీకింగ్ ఆపెరా, అంటే పాట, ఆట, పల్టీలు కలిసిన చైనా నాటకం, నేర్చుకున్నాడు. బ్రూస్ లీ చనిపోయిన 1973లోనే విడుదలైన 'ఎంటర్ ద డ్రాగన్'లో బ్రూస్ లీకి పల్టీల డూప్ ఆయనే. మా కాలంలో గోడల మీద బ్రూస్ లీ పోస్టర్లు అంటించుకోని కుర్రవాడు లేడు. ఆ పల్టీలు కొట్టినాయన పేరు మాలో ఒక్కడికీ తెలియదు.

చీటీ వచ్చింది. అధ్యక్షుల వారూ, ఇంకొంచెం ఓపిక పట్టండి.

మా పెదనాన్న కొడుకు గురించి చెప్పాలి. మాది చిత్తూరు పక్క పల్లె. ధర్మరాజుల గుడి దగ్గర భారతం జరిగితే భీముడి వేషం ఆయనదే. చివరి రోజు దుర్యోధన వధ. నేల మీద మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడు పడుకుని ఉంటాడు. రాత్రంతా ఆడి అలిసిన మనిషి, పొద్దున ఎండలో గద పట్టుకుని ఆ బొమ్మ చుట్టూ పరిగెత్తాలి. కిరీటం, భుజకీర్తులు అన్నీ చెక్కవి. ముఖానికి పూసిన అర్దళం రంగు చెమటకు కరిగి కళ్ళలో దిగుతున్నా తుడుచుకోడు. ఆ అరుపు వింటే మేం పిల్లకాయలం అమ్మ కొంగులో దూరేవాళ్ళం. ఫైటూ ఆయనే, భయమూ ఆయనే.

ఆ ఒళ్ళు చూసే ఎవరో మద్రాసు తీసుకుపోయారు. ఫైటర్‌గా చేరాడు. ఒక సినిమాలో మేడ మీద నుంచి వెల్లకిలా పడాలి. కింద అట్టపెట్టెలు పేర్చి, పైన పరుపు వేస్తారు. పెట్టెలు నలిగితేనే మనిషికి దెబ్బ తగలదు. మొదటి టేకు బాగానే వచ్చింది. ఇంకొకటి అన్నారు. నలిగిన పెట్టెలు తీసి కొత్తవి పెట్టాలి కదా? పెట్టలేదు. ఎండ పోతోందని తొందర.

నడుము పోయింది. కంపెనీ వాళ్ళు ఆసుపత్రికి కొంత కట్టి ఊరికి పంపేశారు. సినిమా వచ్చాక మేం చూసొచ్చి చెప్పాం: "అన్నా, నువ్వు పడే షాట్ ఉంది." చాప మీద పడుకునే అడిగాడు: "మొగం కనిపిచ్చిందా?" లేదన్నాం. "పేరన్నా పడిందా రా?" ఫైట్ మాస్టర్ పేరు పడింది, అంతే.

అమ్మల్లారా, అన్నల్లారా, ఇది ఒక్క మా ఇంటి గొడవ కాదు. జాతీయ అవార్డులు 1954లో మొదలైతే, స్టంట్స్‌కు అవార్డు 2017లో ప్రకటించిన వాటిలో గానీ రాలేదు. అదీ మాస్టర్‌కు. మొదటిది పీటర్ హెయిన్ అందుకున్నాడు, అర్హుడే. ఆస్కార్ వాళ్ళు 2028 వేడుకలో మొదటిసారి ఇస్తామని 2025లో ప్రకటించారు. మంచిదే. కానీ పడినవాడి పేరు? కాలిన చేతుల పేరు?

మన తిరుపతి గంగజాతరను చూడండి. పాలెగాణ్ణి చంపడానికి గంగమ్మ వేసుకున్న దొర వేషం ఎవరు కట్టారంటే ఊళ్ళో చెప్తారు, జాతర వేషాలు కట్టే ఫలానా కైకాల వాళ్ళింటి అబ్బాయి అని. పాలెగాడి తల తెగితే జడుసుకున్న పిల్లవాణ్ణి ఆ వేషగాడి దగ్గరికే తీసుకుపోయి కాళ్ళకు మొక్కిస్తారు. వేషం కింద మనిషి ఉన్నాడని ఈ ఊరికి తెలుసు. సినిమా హాల్లోకి రాగానే ఎందుకు మర్చిపోతున్నాం?

నిర్వాహకులకు ఒక మాట. నిన్నా ఈరోజూ కథ అయిపోగానే లైట్లు వేసేశారు, పేర్లు తెర మీద పోతుండగానే. 'పోలీస్ స్టోరీ' చివర్లో దెబ్బలు తగిలిన షాట్లు వస్తుంటే సగం మంది చెప్పులు వెతుక్కుంటున్నారు. ఈసారి నుంచి చివరి అక్షరం పోయేదాకా లైట్లు వేయొద్దు. టైటిల్స్‌లో లేని డూపుల పేర్లు దొరికినంత వరకు ముందే మైకులో చదవండి. వచ్చేసారి ఈ వేదిక మీద రిటైరైన ఒక ఫైటర్‌కు కుర్చీ వేయండి, నా కుర్చీ ఇస్తాను.

చిత్తూరు, పలమనేరు, శ్రీకాళహస్తి వైపు నుంచి వచ్చినవాళ్ళు చాలామంది కనిపిస్తున్నారు. మీ ఊళ్ళలో భారతం ఆడి, తర్వాత మద్రాసుకో హైదరాబాదుకో పోయి ఫైటర్లుగా, డూపులుగా చేసినవాళ్ళు ఉంటారు. బయట టికెట్ల బల్ల మీద ఒక నోటు పుస్తకం పెట్టాం. పేరు, ఊరు, చేసిన సినిమా తెలిస్తే సినిమా, తగిలిన దెబ్బ రాయండి. మా వదిన ముందు వరసలోనే కూర్చుంది. మా అన్న పేరు మైకులో నేను చెప్పడం కాదు, మొదటి పేజీలో ఆమే రాస్తుంది. హాలు తొమ్మిదింటికి మూసేస్తారు, వెళ్ళేటప్పుడు ఆ బల్ల దగ్గర ఆగండి. నమస్కారం.