పాముకు కాళ్లు గీసినవాడు

[తెర మీద: మట్టి నేలపై పుల్లతో గీసిన పాము]

ఈ పాముకు తల ఉంది, తోక ఉంది, ఒంట్లో మెలికలూ బాగానే కుదిరాయి. ఇప్పుడు దీనికి నాలుగు కాళ్లు పెడదాం.

[కాళ్లు ఒక్కొక్కటిగా వస్తాయి]

ఇక ఇది పాము కాదు. పోనీ బల్లి అందామా అంటే, అదీ కాదు!

చైనా భాషలో దీనికి నాలుగే అక్షరాల నానుడి ఉంది: హువా షె తియెన్ జూ. పామును గీసి కాళ్లు తగిలించడం అని అర్థం. ఇలాంటి పాతకాలపు నానుడులను చెంగ్యూ అంటారు.

[దృశ్యం: మద్యం పాత్ర చుట్టూ మనుషులు]

ప్రాచీన చైనాలోని చు రాజ్యంలో ఒకాయన పూజ ముగించి, తన పరివారానికి ఒక పాత్ర మద్యం ఇచ్చాడు. అందరూ పంచుకుంటే ఎవరికీ గొంతు తడవదు, ఒక్కడే తాగితే ఇంకా మిగులుతుంది. నేల మీద పామును ఎవరు ముందు గీస్తే వారిదే మద్యం అని పందెం వేసుకున్నారు.

ఒకడు చకచకా గీసేసి, పాత్రను ఎడమ చేతిలోకి తీసుకున్నాడు. తాగేస్తే కథే లేదు. కుడి చెయ్యి ఊరుకోలేదు. 'దీనికి కాళ్లు కూడా పెట్టగలను' అంటూ మళ్లీ గీయసాగాడు. అవి పూర్తయ్యేలోపే ఇంకొకడి పాము సిద్ధమైంది. వాడు పాత్ర లాక్కుని, 'పాముకు కాళ్లెక్కడివి? నువ్వెలా పెడతావు?' అంటూ తాగేశాడు. అప్పటికి ఎన్ని కాళ్లు గీశాడో ఈ కథ ఉన్న పాత గ్రంథంలో లేదు.

ముగిసిన పనికి అక్కర్లేని హంగు చేర్చి చెడగొట్టేవారిని ఇప్పటికీ ఈ మాటతోనే దెప్పుతారు. జపాన్ వాళ్లు ఇందులోంచి రెండక్షరాలే తీసుకుని 'దసోకు' అంటారు, అంటే పాము కాళ్లు.

ఇది పిల్లల కథలా ఉంది కదా? దీన్ని చెప్పింది మాత్రం ఒక సేనాపతికి.

[పటం: చు, వెయ్, ఛి రాజ్యాలు]

క్రీ.పూ. 323లో చు సేనాపతి జావో యాంగ్ వెయ్ రాజ్యాన్ని ఓడించి 8 పట్టణాలు పట్టుకున్నాడు. అదే ఊపులో ఛి రాజ్యం మీదికి బయలుదేరాడు. ఛి రాజు తరఫున చెన్ జెన్ అనే మాటకారి వచ్చి, ముందు నమస్కరించి, విజయానికి అభినందించాడు. తర్వాత తాపీగా అడిగాడు: 'ఇంత గెలుపుకు మీ రాజ్యంలో ఏ పదవి ఇస్తారు?'

'షాంగ్ జూగువో.' అంటే సేనలో అత్యున్నత పదవి.

'దానికి పైన?'

'లింగ్‌యిన్ ఒక్కటే.' అంటే ప్రధానమంత్రి పదవి.

'మీ రాజు ఇద్దరు లింగ్‌యిన్‌లను పెట్టుకోడు కదా' అని, అప్పుడు ఈ పాము కథ మొదలుపెట్టాడు. పైకి ఎక్కడానికి మెట్టు లేదు, ఓడితే ప్రాణం పోతుంది, బిరుదు మరొకడికి దక్కుతుంది. బెదిరింపు ఎంత మర్యాదగా ఉందో చూడండి.

ఈ సంభాషణ హాన్ వంశం చైనాను ఏలిన కాలంలో లియు షియాంగ్ అనే పండితుడు కూర్చిన గ్రంథం 'జాన్‌గువో త్స'లో ఉంది. కథ విన్న జావో యాంగ్ నిజమేనని ఒప్పుకుని, సేనను వెనక్కి మళ్లించాడు.

[తెర మీద: కాళ్లు చెరిగిపోతాయి, పాము మిగులుతుంది]