అడగడం తెలిసిన శెట్టిగారు

(కావలిలో జరిగిన సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, శెట్టిగారి కుటుంబానికి, కలిగిరి, జలదంకి, ఉదయగిరి వైపు నుంచి బస్సులు పట్టుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం.

నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు ఆయన్ని మహాదాత అన్నారు. ఒకరైతే దానకర్ణుడు అనేశారు. శెట్టిగారు ఈ మాట వినుంటే "ఏంది అబ్బయ్యా, నా పేరున లేని జమ రాస్తుండారు" అని కసురుకునేవారు. ఆయన ఇచ్చింది తక్కువేం కాదు. కానీ పదిమంది దగ్గర అడిగి తెచ్చింది దానికి ఎన్నో రెట్లు. నేను ఆయన కొట్లో గుమాస్తాగా చేరి, తర్వాత ఆయన వెనకాల రసీదు పుస్తకం పట్టుకుని తిరిగినవాణ్ణి. అందుకని ఆ అడగడం గురించే నాలుగు మాటలు చెబుతాను.

ట్రంకు రోడ్డులో ఆయనది హోల్‌సేల్ కిరాణా. మెట్ట ఊళ్ళ చిల్లర కొట్లన్నిటికీ సరుకు అరువు మీద పోయేది. అరువు ఇవ్వడం ఎవరైనా ఇస్తారు, వసూలు చేయడంలోనే ఉంది వ్యాపారమంతా. బాకీదారుణ్ణి బజార్లో చూసినా, పెళ్ళిలో చూసినా ఆయన డబ్బు మాట ఎత్తేవారు కాదు. ఇంటికి పోయేవారు. అరుగు మీద కూచుని మంచినీళ్ళు అడిగి తాగి, వానలెట్లా ఉన్నాయి, పొగాకు రేటు ఎట్లా ఉంది అని విచారించి, ఆఖర్న ఒక్కసారి అడిగేవారు. అడిగాక నోరు విప్పేవారు కాదు. నాకేమో టెన్షన్, ఆ మౌనం భరించలేక "వచ్చే వారం ఇచ్చినా ఫర్లేదు" అని అందుకునేవాణ్ణి. బయటికొచ్చాక తిట్లు తినేవాణ్ణి. "అడిగినాక మనం మాట్లాడకూడదు. మాట్లాడామంటే వాళ్ళ సాకు మనమే చెప్పినట్టు" అనేవారు.

1989 నవంబరులో తుఫాను మన కావలి దగ్గరే తీరం దాటింది. ఇక్కడున్న పెద్దవాళ్ళకు ఆ రాత్రి గుర్తుండే ఉంటుంది. తెల్లారేసరికి కొట్టు రేకులు లేచిపోయి, బెల్లం, పంచదార నీళ్ళపాలయ్యాయి. మిగిలిన బియ్యం బస్తాలు ఆయన తుమ్మలపెంట దారిలో పల్లెలకు పంపించారు. ఊరికే ఇచ్చారని ఇందాక ఒకరు చెప్పారు. నిజం కాదు. ఇంటి పేరు, మనిషి పేరు, ఎన్ని కిలోలు అన్నీ నా చేతే రాయించి అప్పుగానే ఇచ్చారు. ధర్మం అంటే చెయ్యి చాచడానికి సిగ్గుపడేవాళ్ళు ఉంటారు, అప్పంటే దర్జాగా తీసుకుంటారు అని ఆయన లెక్క. తర్వాత కొందరు తీర్చారు, రానివి రాలేదు. ఇల్లు కూలినవాడి పేరు పద్దులో రాయడం నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. కానీ బస్తా భుజాన వేసుకుని వెళ్ళినవాళ్ళ మొహాల్లో మాత్రం చిన్నతనం నేను చూడలేదు.

1992లో మన జిల్లాలో సారా ఉద్యమం వచ్చింది. రాత్రిబడుల్లో అక్షరాలు నేర్చుకున్న దూబగుంట ఆడవాళ్ళు సారా కొట్టు మూయించడం, ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకోవడం, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం రావడం మీకు తెలిసినవే. వ్యాపారులు చాలామంది మనకెందుకులే అని తప్పుకుంటే, ఈయన ధర్నాలకు మరమరాలు, బెల్లం పంపేవారు. ఎందుకని అడిగితే ఆవర్జా, అంటే బాకీల పద్దు పుస్తకం, తీసి చూపించారు. ఏ ఊళ్ళో సారా ప్యాకెట్లు జోరుగా పోతున్నాయో ఆ ఊరి చిల్లర కొట్ల బాకీలే మొండి బాకీలు. "నాకేం సంఘసేవ కాదు సామీ, నా డబ్బు ఆ ప్యాకెట్లలో పోతుండాది" అన్నారు. సగం వేళాకోళం, సగం నిజం.

కొట్టు కొడుక్కి అప్పజెప్పాక ఆయన అసలు పని మొదలైంది. నేత్రదానం. చనిపోయిన ఆరు గంటల్లోపు కంటి కార్నియాలు సేకరించాలి. చావు కబురు వినగానే, ఏడుపుల మధ్యకు వెళ్ళి, "మీ నాన్నగారి కళ్ళు ఇస్తారా" అని అడగాలి. అరువు వసూలు దీని ముందు ఏపాటి? చెంప దెబ్బ ఒక్కటే తక్కువ, మిగతావన్నీ తిన్నాం.

వెళ్ళగానే ఆయన దండం పెట్టి, ముందు ఫ్యాను ఆపించేవారు. గాలికి కళ్ళు ఆరిపోతాయని. రెప్పలు మూసి, తడి దూది పెట్టి, తల కింద దిండు సర్దేవారు. ఇంట్లోవాళ్ళు ఒప్పుకోకముందే ఇదంతా చేసేవారు. వద్దంటే దూది తీసేస్తే సరిపోతుంది, ఆరిపోయిన కళ్ళను ఏం చేయగలం అనేవారు. తర్వాత ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో చూసుకుని, ఆ మనిషి పక్కన కూచుని, తగ్గు గొంతుతో ఒక్కసారి అడిగేవారు. ఇక మౌనం.

అందరూ అడిగే ప్రశ్నలు అవే. షుగరు ఉంది కదా అంటారు. ఇవ్వొచ్చు. కళ్ళజోడు, శుక్లాల ఆపరేషన్? ఇవ్వొచ్చు. మొహం వికారమవుతుందా? కాదు, పదిహేను ఇరవై నిమిషాల పని, బయటికేమీ తెలియదు. ఒక ముసలమ్మ మాత్రం "ఇప్పుడు కళ్ళు తీస్తే వచ్చే జన్మలో మా ఆయన గుడ్డివాడై పుడతాడా నాయనా" అంది. నాకు ఏం చెప్పాలో తోచలేదు. శెట్టిగారు మూఢనమ్మకం అనలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. "వచ్చే జన్మ లెక్క నాకు తెలీదమ్మా. ఈ జన్మలో మాత్రం ఇంకా మూడు గంటలే ఉండాయి" అన్నారు. ఆమె చాలాసేపు చూసి, కొడుకుని పిలిచి సంతకం పెట్టమంది.

ఆయనతో పని సుఖమని నేను అబద్ధం చెప్పను. మీటింగులో ఇంకొకరిని మాట్లాడనిచ్చేవారు కాదు. ఆటో అబ్బాయితో ఐదు రూపాయల దగ్గర తగాదా పడేవారు. చాలా ఏళ్ళు మా నేత్రదాన కమిటీలో ఒక్క ఆడమనిషి లేదు. ఇళ్ళల్లో చివరి మాట ఆడవాళ్ళదే అయినప్పుడు వాళ్ళతో మాట్లాడడానికి మగవాళ్ళే ఎందుకు అని కోడలుగారు గట్టిగా అడిగాకే మారారు. అడగడం ఆ ఇంట్లో ఇంకొకరికీ వచ్చునని మాకు అప్పుడు తెలిసింది.

తొంభై రెండో ఏట, తెల్లవారుజామున ఆయన పోయారు. ఆ ఇంటి నుంచి మొదటి ఫోను బంధువులకు కాదు, కళ్ళు సేకరించే ఐ బ్యాంకుకు వెళ్ళింది. నేను వెళ్ళేసరికే ఫ్యాను ఆపేసి ఉంది, దూది తడిపి పెట్టి ఉంది. నన్ను ఎవరూ ఏమీ అడగలేదు, నేనూ ఎవరినీ అడగాల్సిన పని పడలేదు. కార్నియాలు ఎవరికి పెట్టారో బ్యాంకువాళ్ళు చెప్పరు, మనం అడగకూడదు కూడా.

ఇక చివరిగా ఒక పని మాట. చందా రసీదు పుస్తకాలు కొన్ని ఇంకా మీ దగ్గరే ఉన్నాయి. వాడినవీ, సగం వాడినవీ అన్నీ గుమ్మం పక్కన బల్ల దగ్గర కోడలుగారికి అప్పజెప్పి, సంతకం పెట్టి భోజనానికి వెళ్ళండి. ఎవరి దగ్గర ఏ నంబరు ఉందో శెట్టిగారు రాసిపెట్టి పోయారు.