కూల్చొద్దు అంటే సరిపోదు, ఖర్చెవరిదో చెప్పాలి

అందరికీ నమస్కారం. పాత కట్టడాల మీద మీటింగ్ అంటే ఫోటోలు తీసే కుర్రాళ్ళు, రిటైరైన మాస్టార్లు వస్తారు. ఈసారి ఇళ్ళ యజమానులు కూడా వచ్చారు, కొందరు కోపంగానే వచ్చినట్టున్నారు. మంచిదే, ఎందుకంటే నేను మాట్లాడేది మీ గురించే.

ముందు హైదరాబాద్ సంగతి. 1995లో ముంబయిలోనూ, హైదరాబాద్‌లో హుడా (నగరాభివృద్ధి సంస్థ) జోనింగ్ రూల్స్‌లోనూ, అంటే ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పే రూల్స్‌లో, వారసత్వ కట్టడాలకు నిబంధనలు వచ్చాయి. జాబితాలో ఉన్న దాన్ని కూల్చాలన్నా మార్చాలన్నా ముందే అనుమతి ఉండాలి. వినడానికి బాగుంది కదా. కానీ హైదరాబాద్‌లో ప్రైవేటు ఆసామికి అందులో ముట్టింది ఎక్కువగా ఆంక్షే. పక్క స్థలంలో అపార్టుమెంటు లేస్తుంటే తను మాత్రం కారే పైకప్పు కింద గిన్నెలు పెట్టుకుంటూ కూర్చోవాలి, అలాంటప్పుడు ఈ వానకైనా గోడ కూలితే బాగుండునని ఎవరైనా అనుకుంటే నేను తప్పుపట్టను. చివరికి 2015లో హైదరాబాద్‌లో ఆ నిబంధననే ఎత్తేశారు, 2017లో వేరే చట్టం తెచ్చారు. 2019లో ఎర్రమంజిల్ అనే పాత ప్యాలెస్ కూల్చి అసెంబ్లీ కడతామంటే కొందరు కోర్టుకెళ్ళారు, హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. సంతోషమే, కానీ ప్రతి దేవిడీ (పాత నవాబుల కాలపు పెద్ద భవంతి) కోసం హైకోర్టు దాకా తిరిగే ఓపిక ఎవరికుంది?

కేంద్ర రక్షణలో ఉన్న కట్టడమైతే చుట్టూ 100 మీటర్లు నిషేధం, ఆపైన 200 మీటర్లు అనుమతితోనే కట్టాలి. మన బజారులోని మండువా లోగిళ్ళకు, చావడికి, ఊరి బురుజుకు అది వర్తించదు. వీటిని చూసుకోవాల్సింది ఊరి మాస్టర్ ప్లానే. అందులో రోడ్డు 60 అడుగులని గీత గీస్తే అరుగులన్నీ పోతాయి, ఆ గీత గీసినవాళ్ళు మన వీధి చూశారో లేదో కూడా తెలియదు.

డబ్బు మాటకొస్తే, ముంబయి, అహ్మదాబాద్‌లలో హెరిటేజ్ యజమానులకు టీడీఆర్ ఇచ్చే ఏర్పాటుంది. అంటే తన స్థలంలో కట్టుకోలేని అంతస్తుల హక్కును వేరేచోట కట్టుకునే బిల్డరుకు అమ్ముకోవచ్చు. చిన్న ఊళ్ళో అది కొనే బిల్డరు దొరకడం కష్టం. మనలాంటి చోట ఆస్తి పన్నులో తగ్గింపు, రిపేరుకు కొంత సాయం, ఇంటిని హోటలుగానో లైబ్రరీగానో వాడుకునే అనుమతి ఎక్కువ పనికొస్తాయి. అనుమతి కాగితం నెలలు తిరగకుండా రావాలి, అది అన్నిటికన్నా ముఖ్యం.

ఇంకోటి, రిపేరు పేరుతో సున్నపు గోడకు సిమెంటు పూయకండి. లోపలి తేమ బయటికి పోయే దారి మూసుకుపోయి గోడ లోపల్నించే పాడవుతుంది. డంగు సున్నం, అంటే గానుగలో నూరిన సున్నం, పని తెలిసిన మేస్త్రీలు ఇంకా ఉన్నారు, కాస్త వెతకాలంతే. పాతదాన్ని బాగుచేయొచ్చనడానికి సికింద్రాబాద్‌లో ఒక ఉదాహరణ ఉంది. బన్సీలాల్‌పేట మెట్లబావి దశాబ్దాల చెత్తతో పూడిపోయింది, దాన్ని తవ్వి బాగుచేసి 2022లో తెరిచారు. అది సర్కారు స్థలం, కాబట్టి అమ్ముకుంటే ఎంతొస్తుందన్న పేచీ అక్కడ లేదు. ఇళ్ళ విషయం అంత తేలిక కాదు.

కాబట్టి మన ఊరి పాత కట్టడాల జాబితా మనమే రాద్దాం, వీధివారీగా, ఇంటివాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని. ఒప్పుకోనివాళ్ళ పేరు కూడా, వాళ్ళ కారణంతో సహా రాయాలి. మాస్టర్ ప్లాన్ ముసాయిదా బయటపెట్టినప్పుడు అభ్యంతరాలకు గడువిస్తారు, ఆ గడువులోపల మన కాగితం మున్సిపల్ ఆఫీసులో ఉండాలి. ఇక ప్రశ్నలు అడగండి, ముందు యజమానులకే మైకు ఇద్దాం.