ప్యాకెట్టంతా గ్లాసులో కలిపేసింది

అందరికీ నమస్కారం.

శ్రీకాకుళం జిల్లాలో ఇరవై ఎనిమిదేళ్లు హైస్కూలు పిల్లలకు సైన్స్ చెప్పాను. జీవన నైపుణ్యాలు బడిలో నేర్పితే నిజంగా వస్తాయా అన్నదాని మీద మాట్లాడమన్నారు. ముందు ఒక క్లాసు సంగతి చెప్తాను.

తొమ్మిదో తరగతిలో విరేచనాల పాఠం అయింది. విరేచనాలప్పుడు నీళ్లలో కలిపి తాగించే ఓఆర్‌ఎస్ పొడి మీద రెండు మార్కుల ప్రశ్న ఇస్తే క్లాసంతా సరిగ్గా రాసింది. వారం తర్వాత బల్ల మీద ఒక ప్యాకెట్టు, ఒక గ్లాసు, ఒక లీటరు సీసా పెట్టి, కలపమన్నాను. ఎప్పుడూ ఫస్టు వచ్చే పిల్ల లేచింది. ప్యాకెట్టు చింపి, మొత్తం గ్లాసులో వంపి, చెంచాతో తిప్పింది. కాదన్నవాళ్లు ఒక్కరూ లేరు. లీటరు నీళ్లకని ప్యాకెట్టు మీదే రాసి ఉంది. అంత చిక్కగా తాగిస్తే పసిబిడ్డ ఒంట్లో ఉప్పు పెరిగి ప్రాణం మీదికొస్తుంది. తప్పు ఆ పిల్లది కాదు, రాయించుకుని మార్కులు వేసిన నాది.

తర్వాత ఒక్కొక్కరి చేతా కలిపించాను. రెండు పీరియడ్లు పోయాయి. సిలబస్ ఆగిపోతుందని టెన్షన్ పడ్డాను కానీ, ఆ రెండు పీరియడ్లే నాకు ఇప్పటికీ తృప్తి.

ఇది ఓఆర్‌ఎస్ ఒక్కదాని సంగతే కాదు. పొదుపు, అప్పు లాంటి డబ్బు పాఠాల మీద పరిశోధకులు లెక్కలే కట్టారు. 2014లో ముగ్గురు కలిసి 201 అధ్యయనాలు వడపోస్తే, మనుషుల డబ్బు అలవాట్లలోని తేడాల్లో ఆ పాఠాల వాటా 0.1 శాతమే అని తేలింది. గంటలకొద్దీ చెప్పినా, నెలలు గడిచేసరికి ఆ కాస్తా కరిగిపోతోందట. అందుకే, అవసరం ఎదురయ్యే వేళకి చెప్పాలన్నారు వాళ్లు.

బ్రెజిల్లో 892 హైస్కూళ్లలో ఇంకోలా చూశారు. అమ్మానాన్నలతో కలిసి చేసే ఇంటిపనులు కూడా ఇచ్చారు. పిల్లల్లో పొదుపు పెరిగింది, పెద్దవాళ్లకీ కొంత తెలివిడి వచ్చింది. అయితే ఎక్కువ వడ్డీ అప్పుతో వస్తువులు కొనడమూ పెరిగింది. అది దాచి, అంతా బాగుందని చెప్పడం నాకు ఇష్టం లేదు.

మన జిల్లాకొస్తే, అవసరం ఎప్పుడొస్తుందో మనకు తెలుసు. చదువు ఆగగానే కొందరు హైదరాబాదు, చెన్నై పనులకు పోతారు. మత్స్యకారుల పిల్లలైతే గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లి బోట్లు ఎక్కుతారు. అడ్వాన్సు తీసుకుని వేలిముద్ర వేసేది అప్పుడే. ఓటీపీ చెప్పమని ఫోన్లు వచ్చేదీ అప్పుడే. మోసంలో డబ్బు పోతే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని ఆరో తరగతిలో చెప్తే ఎవరికి గుర్తుంటుంది?

అందుకని నా విన్నపం ఒక్కటే. పదో తరగతి పరీక్షలు అయిన మర్నాటి నుంచి వారం రోజులు బడి తెరిచి ఉంచండి. బ్యాంకు విత్‌డ్రాయల్ ఫారాలు నింపించండి. పని ఒప్పందం కాగితం ఒకటి తెచ్చి బిగ్గరగా చదివించండి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పీహెచ్‌సీలో అడిగి తెచ్చే పని నాది. లీటరు సీసాలు పిల్లలే ఇంటి నుంచి తెచ్చుకుంటారు.