జ్వరం వచ్చినప్పుడు కార్టిసాల్ ఎవరి పక్షం?

[తెర మీద: ప్రయోగశాల గది, ముక్కులో చుక్కలు వేస్తున్న చేయి]

ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీలో కేవలం జలుబు మీద పరిశోధన కోసమే ఒక కేంద్రం ఉండేది. అక్కడ అమెరికన్ మనస్తత్వవేత్త షెల్డన్ కోహెన్ బృందం ఆరోగ్యంగా ఉన్న 394 మంది ముక్కుల్లో జలుబు వైరస్‌లున్న చుక్కలు వేసింది. అంతకుముందే ఎవరెంత ఒత్తిడిలో ఉన్నారో ప్రశ్నలు అడిగి లెక్కగట్టింది. ఒత్తిడి బాగా తక్కువగా ఉన్నవారిలో సుమారు 27 శాతం మందికి జలుబు చేసింది. బాగా ఎక్కువగా ఉన్నవారిలో 47 శాతం మందికి చేసింది. వయసు, పొగతాగే అలవాటు, నిద్ర వంటి తేడాలను లెక్కలోకి తీసుకున్నా ఈ వరస మారలేదు. 1991లో ఈ ఫలితాలు వెలువడ్డాయి.

మనసులోని దిగులు ముక్కు లోపలి కణాల దాకా ఎలా చేరింది?

[తెర మీద: మూత్రపిండాల పైన అడ్రినల్ గ్రంథులు]

‘ఒత్తిడి వస్తే రోగనిరోధక శక్తి పడిపోతుంది’ అని వింటుంటాం. అది సగం నిజమే. భయపడిన మొదటి నిమిషాల్లో అడ్రినలిన్ విడుదలై, రక్తనాళాల గోడలను అంటిపెట్టుకున్న రోగనిరోధక కణాలనూ ప్లీహంలో ఉన్నవాటినీ రక్తంలోకి రప్పిస్తుంది. వైరస్ సోకిన కణాలను చంపే నాచురల్ కిల్లర్ కణాలు అప్పుడు రక్తంలో బాగా పెరుగుతాయి. అంటే శరీరం గాయానికి సిద్ధపడుతోందన్నమాట.

ఆ వెనకే కార్టిసాల్ వస్తుంది. మెదడులోని హైపోథాలమస్ అనే భాగం పీయూష గ్రంథికి, అది అడ్రినల్ గ్రంథులకు కబురు పంపితే తయారయ్యే హార్మోన్ ఇది. రోగనిరోధక కణం లోపలికి చేరి, అక్కడ దాన్ని అందుకునే ప్రోటీన్‌కు, అంటే గ్రాహకానికి అతుక్కుని, కేంద్రకంలోకి వెళుతుంది. వాపును పెంచే ఐఎల్-6, టీఎన్ఎఫ్ వంటి సంకేత ప్రోటీన్ల తయారీని తగ్గిస్తుంది.

[తెర మీద: కణం నుంచి మెదడుకు, మెదడు నుంచి కణానికి తిరిగే బాణాలు]

ఇక్కడ కాస్త ఆగుదాం, నాకు అన్నిటికంటే అద్భుతంగా తోచేది ఇదే. ఏ దిగులూ లేని మనిషికి సైతం ఇన్ఫెక్షన్ సోకితే కార్టిసాల్ పెరుగుతుంది. పోరాడుతున్న కణాలు వదిలే ఆ ప్రోటీన్లే మెదడుకు చేరి, ‘కార్టిసాల్ పంపండి’ అని అడుగుతాయి. పొంగుతున్న పాల కింద మంట తగ్గించినట్లు, పోరాటం మన ఊపిరితిత్తులనే దెబ్బతీయకుండా ఆ హార్మోన్ అదుపు చేస్తుంది.

మరి ఒత్తిడి నెలల తరబడి సాగితే? రెండు నష్టాలున్నాయి. మొదటిది, వైరస్‌లతో పోరాడే తెల్ల రక్తకణాలైన టీ కణాల వృద్ధి మందగిస్తుంది. మతిమరుపు వ్యాధి ఉన్న జీవిత భాగస్వామికి ఏళ్లుగా సేవ చేస్తున్నవారిలో ఫ్లూ టీకాకు స్పందన తక్కువగా ఉందని ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1996లో చూపారు. రెండోది, కణాలు కార్టిసాల్ మాట వినడం మానేస్తాయి. కోహెన్ బృందమే 2012లో 276 మంది మీద చేసిన అధ్యయనాన్ని ప్రచురించింది. దీర్ఘకాలిక ఒత్తిడి అనుభవించినవారి కణాల్లో ఈ మొండితనం కనిపించింది, జలుబు కూడా వాళ్లకే ఎక్కువగా చేసింది. ముక్కు కారడం, గొంతు వాపు చాలావరకు మన కణాల స్పందన వల్లే కలుగుతాయి. అందుకే అదుపు తప్పిన స్పందన కూడా జబ్బే.

[తెర మీద: ఆక్సిజన్ సిలిండర్లు, 2020]

ఎప్పుడు, ఎంత అన్నదే అసలు విషయం. దీనికి కొవిడ్ కంటే స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు. డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మందు పనిచేసేది కార్టిసాల్ గ్రాహకం మీదే. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో రోజుకు 6 మిల్లీగ్రాములు ఇస్తే, వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలు మూడో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి మాత్రం మేలు జరగలేదు. 2021 రెండో వేవ్‌లో మన దేశంలో ఎందరో అవసరం లేకుండానే, మొదటి రోజుల్లోనే స్టెరాయిడ్లు వాడారు. ఆ మందు రోగనిరోధక కణాలను అణచడమే కాక, రక్తంలో చక్కెరనూ పెంచింది. మధుమేహం ఉన్నవారిని బ్లాక్ ఫంగస్ కమ్ముకుంది. హైదరాబాద్ కోఠీలోని ఈఎన్‌టీ ఆసుపత్రిని ఆ రోగుల కోసమే ప్రధాన కేంద్రంగా మార్చాల్సి వచ్చింది.

అలాగని కార్టిసాల్ లేకుండా బతకలేం. అడ్రినల్ గ్రంథులు పనిచేయని ఆడిసన్ వ్యాధి ఉన్నవారికి మామూలు జ్వరం వచ్చినా వైద్యులు స్టెరాయిడ్ మోతాదు పెంచుతారు, లేకపోతే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. వారాల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వేసుకున్నవారి గ్రంథులు కూడా కొంతకాలం నిద్రావస్థలో ఉంటాయి. మీ ఇంట్లో అలాంటివారుంటే, వైద్యుణ్ని అడగకుండా ఆ మాత్రలను ఒక్కసారిగా ఆపనివ్వకండి.