వేర్లలో బూజు, ఆకు మీద పురుగు

శ్రోతలందరికీ నమస్కారమండి. ఈవేళ మనం మాట్లాడుకునేది కంటికి కనపడని ఒక బూజు గురించి. మన లంకల్లో అరటి, వంగ, టమాటా, బొబ్బర, ఇటు కోనసీమలో కొబ్బరి, వీటన్నిటి వేర్లలోనూ కాపురం ఉండే శిలీంధ్రం ఇది. మైకోరైజా అంటారు, ఎరువుల షాపులో అయితే వామ్ అని అడిగితే ఇస్తారు. ఈమధ్య దీని గురించి "వామ్ వేస్తే పురుగు మందు కూడా అక్కర్లేదండి" అనే మాట వినపడుతోంది కదా, ఆ మాట సగమే నిజం, మిగతా సగం తెలీకపోతే రైతుకి నష్టం, అందుకే ఈ ప్రసంగం.

ముందు అసలు ఇదేం చేస్తుందో చూద్దాం. భాస్వరం భూమిలో ఉన్నచోట నుంచి పెద్దగా కదలదు, వేరు తన చుట్టూ ఉన్నది తాగేశాక పక్కనే ఇంకా ఉన్నా అందుకోలేదు. ఈ శిలీంధ్రం వెంట్రుక కంటే చాలా సన్నటి దారాలు చాపి, వేరు నుంచి సెంటీమీటర్ల దూరం పోయి ఆ భాస్వరం తెచ్చి మొక్కకిస్తుంది. మొక్క ఊరికే తీసుకోదు, ఆకుల్లో వండుకున్న చక్కెరలో కొంత దీనికి పంపుతుంది, చక్కెరే కాదు కొవ్వు కూడా ఇస్తుందని 2017లో తేలింది. ఈ స్నేహం నిన్నామొన్నటిది కాదండి, స్కాట్లాండ్‌లో దొరికిన నలభై కోట్ల ఏళ్ళనాటి రాతి శిలాజాల్లో కూడా మొక్కల కణాల్లో ఇది కనిపించింది. చూడాలనిపిస్తే కాలేజీ ల్యాబులో చూడొచ్చు, సన్న వేర్లని పొటాషియం హైడ్రాక్సైడ్‌లో ఉడికించి, కడిగి, మామూలు పెన్ను సిరా వెనిగర్‌లో కలిపి రంగు పట్టిస్తే మైక్రోస్కోపు కింద ఒక్కో కణంలో కొమ్మలూ రెమ్మలూ విచ్చుకున్న బుల్లి నీలం చెట్టు కనపడుతుంది. ఇచ్చిపుచ్చుకోవడం అంతా అక్కడే జరుగుతుంది.

ఇప్పుడు పురుగు సంగతి. వేర్లో ఈ శిలీంధ్రం ఉన్న మొక్క, కళ్ళం కాపలా కాసేవాడు కర్ర పక్కనే పెట్టుకుని పడుకున్నట్టు ఉంటుంది, అంటే ఎప్పుడూ కొడుతూ ఉండదు గానీ పురుగు నోరు పెట్టగానే తన రక్షణ మందులు త్వరగా, ఎక్కువగా తయారు చేస్తుంది. చైనాలో టమాటా మీద ఇది బాగా చూశారు, 2013లో వచ్చిన పరిశోధన, శనగపచ్చ పురుగు పిల్లలు ఇలాంటి మొక్కల మీద సరిగ్గా ఎదగలేదు. అయితే ఆకు నమిలే పురుగులన్నీ ఇలా దెబ్బతినవు, నాలుగు రకాల పంటలూ తినే పురుగుకి దెబ్బ ఎక్కువ, ఒకే జాతి మొక్కకి అలవాటుపడ్డ పురుగుకి తక్కువ. ఇక పేనుబంక లాంటి రసం పీల్చేవాటికైతే చాలాసార్లు లాభమే జరుగుతుంది, మొక్క బలంగా ఉంది, రసం బాగుంది, హాయిగా పిల్లల్ని పెడతాయి. ఇదే నేను సగం నిజం అన్నది.

కానీ కథ అక్కడితో అయిపోలేదండి, పేనుబంకకీ శత్రువులున్నారు కదా. బ్రిటన్‌లో చిక్కుడు జాతి మొక్కల మీద చేసిన ఒక ప్రయోగం నాకు చాలా ఇష్టం, అదీ 2013దే. కొన్ని మొక్కలు ఒకే మట్టిలో పెట్టారు, మధ్యలో ఒక మొక్కకి పేనుబంక పట్టించారు, వేర్లు దాటకుండా కానీ శిలీంధ్రం దారాలు దాటేలా కొన్ని మొక్కలకి సన్నటి వల అడ్డం పెట్టారు, ఇంకొన్నిటికి దారాలు కూడా పోనివ్వలేదు, గాలిలో వాసన ఒకదాన్నుంచి ఒకదానికి పోకుండా పైన కవర్లు కట్టారు. దారాలతో కలిసున్న మొక్కలు, తమ మీద ఒక్క పేను కూడా లేకపోయినా, వాసన మార్చేశాయి. ఆ వాసనకి పేనుబంక దూరం జరిగింది, దాని ఒంట్లోనే పెరిగి దాన్ని చంపే బుల్లి కందిరీగలు దగ్గరకొచ్చాయి. ఆ వాసనలో ముఖ్యమైంది మిథైల్ శాలిసిలేట్, మనం నొప్పులకి రాసుకునే బాముల్లో ఘాటుగా కొట్టేది అదే. దారాలు తెగిన మొక్కలకి ఆ కబురు అందలేదు.

ఆ కందిరీగల పని మన చేలో కూడా చూడొచ్చు. పేనుబంక పట్టిన బొబ్బర కొమ్మ ఒకటి తుంచి ఎండలో పట్టుకోండి, నల్లగా మెరిసే పేల మధ్యలో కొన్ని ఉబ్బిపోయి, ఎండుటాకు రంగులో, కదలకుండా అతుక్కుని ఉంటే అవి చచ్చిన పేల తొడుగులు. వెనకవైపు సూదిమొనంత గుండ్రటి కన్నం ఉందా, లోపల పెరిగిన కందిరీగ బయటికి వెళ్ళిపోయింది. కన్నం లేదా, ఇంకా లోపలే ఉంది, ఆ రోజు మందు కొడితే ముందు చచ్చేది అదే. కొబ్బరికి సర్పిలాకార తెల్లదోమ వచ్చినప్పుడు ఎన్‌కార్సియా అనే ఇలాంటి కందిరీగే పనికొచ్చింది, అంబాజీపేట పరిశోధన స్థానం వాళ్ళు కూడా మిత్రపురుగుల్ని పెంచి ఇచ్చారు, కోనసీమవాళ్ళకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఇంకో సంగతేంటంటే శిలీంధ్రం బలంతో మొక్క మరీ గుబురుగా పెరిగితే ఈ కందిరీగకి పురుగుని వెతుక్కోవడం కష్టమవుతుంది, అది కూడా పరిశోధనల్లో చూశారు, అంటే ఏ శిలీంధ్రం, ఏ మొక్క, ఏ పురుగు అన్నదాన్ని బట్టి లెక్క మారిపోతుంది.

వరి గురించి అడుగుతారు, తెలుసు. సార్వా, దాళ్వా రెండూ దమ్ము చేసి నీళ్ళు నిలగట్టి ఊడ్చే నేలలో ఈ శిలీంధ్రానికి గాలి చాలదు, వేర్లని తక్కువే పడుతుంది. అంతకంటే ముఖ్యమైన మాట, అమెరికాలో లూసియానా వరి మీద 2018లో వచ్చిన పరిశోధనలో శిలీంధ్రం పట్టించిన వరికి వేరు తినే ముక్కుపురుగు, కత్తెర పురుగు, మన దగ్గర బాగా బాధపెట్టే పాముపొడ తెగులు, మూడూ ఎక్కువయ్యాయి. కాబట్టి వరిలో పురుగు తగ్గుతుందని ఎవరైనా వామ్ అమ్మజూపితే దయచేసి కొనకండి.

కూరగాయలు, అరటి, అపరాలకైతే నేను గట్టిగా చెప్తాను, వెయ్యండి, భాస్వరం కోసం వెయ్యండి, పురుగు విషయంలో వచ్చేది వస్తుంది. క్యాబేజి, కాలీఫ్లవర్, ముల్లంగి, తోటకూర వేర్లకి ఇది పట్టదు, డబ్బు దండగ. డీఏపీ దండిగా వేసిన నేలలో మొక్కే దీన్ని దగ్గరికి రానివ్వదు, తేరగా భాస్వరం దొరుకుతుంటే చక్కెర ఎందుకిస్తుంది చెప్పండి. ఊరికూరికే దున్నితే దారాలు తెగిపోతాయి. వేసేదేదో నారుమడిలో విత్తనం కింద, అరటికి పిలక నాటే గుంటలో, వేరుకి తగిలేలా వెయ్యాలి, పైన చల్లితే లాభం లేదు. నారుకుళ్ళు భయంతో కార్బెండజిమ్ అనే శిలీంధ్రాల మందు పోసే అలవాటు నర్సరీల్లో చాలామందికి ఉంది, అది ఈ శిలీంధ్రాన్ని కూడా దెబ్బతీస్తుంది, అందుకని ఆ రెండూ ఒకే మడికి ఒకేసారి ఇవ్వకండి.